పళ్లెం కనబడని లోతు

జూన్ 10, మంగళవారం

ఇది లెక్కల పుస్తకం కాదు. లెక్కల పుస్తకాలు అలమరాలో వాటి చోట అవి ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లవి, మొత్తం పద్నాలుగు. వాటిలో తేదీకి గడి ఉంది. ఆటు వేళకి, గాలికి, నీటి తేటకి, గడ్డికి, పీతలకి, పిట్టలకి గడులున్నాయి. కోపానికి గడి లేదు. అంచుల్లో రాయడం నాకు ఇష్టం లేదు. బడిలో పిల్లలు అలా రాస్తే మార్కులు తీసేసేదాన్ని. అందుకని ఇవాళ రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. దీన్ని నేను తప్ప ఎవరూ చదవకూడదు.

కోపం ఎందుకంటే, పార్కు ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. సముద్ర పార్కులోని లోపలి మడుగులోకి, అడుగున అద్దం బిగించిన పర్యాటకుల పడవలకి దారి ఇస్తారట. పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి 'ప్రయోగాత్మకం' అనే పేరు పెట్టి రోజుకి రెండు పడవల్ని రానిస్తున్నారు. ఇక మీదట రోజుకి ఇరవై. అభ్యంతరాలు ఉన్నవాళ్లు జులై పద్నాలుగున విచారణకి రావాలట.

ఈ మాట చెవిన పడ్డ మే నెలలోనే నా అభ్యంతరం ఇచ్చాను. ఐదు పేజీలు. మొదటి పేజీ మొత్తం నీటి తేట గురించే. మడుగు ముఖద్వారం దగ్గర రాతి అంచు మీద కూర్చుని, తెల్ల ఎనామిల్ పళ్లెం ఒకదాన్ని తాడు కట్టి నీళ్లలోకి దించుతాను. తాడుకి జానకో ముడి. పళ్లెం కంటికి కనబడకుండా పోయేసరికి ఎన్ని ముడులు మునిగాయో అదే ఆ రోజు తేట. ముప్ఫై ఏళ్లు పది, పదకొండు, ఒక్కోసారి పన్నెండు. పడవలు వచ్చినప్పటి నుంచి తొమ్మిది, ఏడు, ఆరు. పోయిన అమావాస్యకి నాలుగు.

పద్నాలుగు నెలల్లో సముద్రాన్ని బురదగుంట చేశారు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

జూన్ 11, బుధవారం. పౌర్ణమి

పొద్దున ఆరుంపావుకి నీళ్లు పూర్తిగా వెనక్కి తగ్గాయి. మా సరంగు తెడ్ల పడవలో మడ చెట్ల అంచున దింపాడు. ఇంజను పడవ కొనుక్కోమని ఊరంతా చెప్పినా వినని మనిషి. "ఇంజను మాటాడుతుంటే నేనెప్పుడు మాటాడేది అమ్మగారూ?" అంటాడు. నిజమే, ఒక్క నిమిషం నోరు మూయడు.

నా మనవరాలు తూనీగ తోడు వచ్చింది. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని నేనే పెట్టిన పేరు. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. ఆ అద్దం పడవల కంపెనీలోనే గైడు. బుధవారం దానికి సెలవు. ఈ సంగతి గురించి నేనూ అదీ ఇంట్లో మాట్లాడుకోము.

మడ చెట్ల వేళ్లు బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య గెంతే బురద చేపలు నలభై ఒకటి. ఇసుక మేట మీద చిట్టి పీతలు ఇసుకని నమిలి ఉమ్మిన గోళీలు, లెక్కకి అందవు. వంకర ముక్కు పిట్టలు పదహారు. పగడపు దిబ్బ గుంటలో ఆక్టోపస్ ఒకటి. తూనీగ చూపించింది. రాయి రంగులోకి మారి కూర్చుందట. నాకు రాయే కనబడింది. అంత బాగా దాక్కున్నందుకు దాన్ని మెచ్చుకోవాలి.

మడుగులో పాదాలు ఎత్తకుండా, ఇసుకని రాసుకుంటూ నడవాలి. టేకు చేప ఇసుకలో పడుకుని ఉంటుంది. పాదం వస్తున్న అలికిడికి తనే తప్పుకుంటుంది. మీద కాలు వేస్తే మాత్రం తోక ముల్లుతో పొడుస్తుంది. నా తరగతి పిల్లలందరికీ ఈ నడక వచ్చు. లెక్కలు రానివాళ్లకి కూడా.

గడ్డి కొలిచే చోట్లు పన్నెండు. ప్రతిచోటా ఇనుప మేకు పాతి ఉంది. మేకు పక్కన మా ఆయన చేసి ఇచ్చిన చెక్క చట్రం పెట్టి, కళ్లు మూసుకుని, లోపలి మొక్కల్ని వేళ్లతో లెక్కపెట్టాలి. మొదటి ఏడాదే నేర్చుకున్నాను: గడ్డి ఊగుతుంది, ఊగేదాన్ని కన్ను రెండుసార్లు లెక్కపెడుతుంది. వేలు అలా మోసపోదు.

అయిదు, ఆరు, ఏడు చోట్ల చట్రంలో అరవైకి మించి లేవు. రెండు వందల నలభై ఉండేవి. మధ్యలో తిన్నటి కాలువ, గడ్డి వేళ్లు తెగిపోయి ఉన్నాయి.

పళ్లెం: నాలుగు ముడులు. నీళ్లు బాగా మసక.

పళ్లెం లోపలికి వెళ్తుంటే తూనీగ నా వైపు ఒకలా చూసింది. దాని కంపెనీ చేసిన నిర్వాకం కదా, చూడక ఏం చేస్తుంది?

జూన్ 12

ముందుగది బల్బు వెలుతురు చాలడం లేదు. అబ్బాయికి చెప్పాలి.

జూన్ 15, ఆదివారం

మా అబ్బాయి ఊళ్లో అందరి ఇళ్లకీ వైర్లు వేస్తాడు, సొంత ఇంట్లో బల్బు మార్చమంటే నాలుగు రోజులు పట్టింది.

"అమ్మా, ఈ నెలలో ఇది మూడోది. ఇంతకన్నా పెద్దది పెడితే ఈ గదిలో కోడిగుడ్లు పొదుగుతాయి."

"వెలుతురు లేదని చెప్తుంటే నీకు వెటకారంగా ఉందా?"

"వెలుతురు ఉందమ్మా. చాలా ఉంది." స్టూలు దిగాడు. "ఓసారి కళ్ల డాక్టరుకి..."

"నీ పని నువ్వు చూసుకో."

ఈ రోజుల్లో ఏదీ సరిగ్గా తయారుచేయడం లేదు. బల్బులు అంతే. పేపరు వాళ్లు ఇంకులో నీళ్లు కలుపుతున్నట్టున్నారు, అక్షరాలు అలికినట్టు ఉంటున్నాయి. చీకటి పడ్డాక వీధి దీపాల చుట్టూ పొగ, అది కూడా పడవల డీజిలు పొగేనేమో కనుక్కోవాలి.

జూన్ 18, బుధవారం

పార్కు అధికారి ఇంటికి వచ్చాడు. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు. ఇప్పుడు తల నెరిసింది, అయినా నేను కుర్చీ చూపించేదాకా నిలబడే ఉన్నాడు.

"టీచరుగారూ, మీ అభ్యంతరం చదివాను. మొదటి పేజీ చాలా బలంగా ఉంది."

"మిగతా నాలుగు?"

"అవీ బాగానే ఉన్నాయి. కానీ గడ్డి మొక్కల లెక్కంటే కమిటీలో సగం మందికి నిద్రొస్తుంది. నీళ్లు మురికయ్యాయంటే అందరికీ ఎక్కుతుంది. మీ పళ్లెం మీదే మొత్తం ఆధారపడి ఉంది." గొంతు తగ్గించాడు. "కంపెనీ వాళ్లు సొంతంగా ఏదో మీటరు తెస్తున్నారట. జాగ్రత్త."

"తెచ్చుకోమను. నా పళ్లేనికి ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం ఉంది. వాళ్ల మీటరుకి ఎంత?"

నవ్వాడు. వెళ్తూ వెళ్తూ, "టీ కప్పు అంచున పెట్టారు టీచరుగారూ, పడిపోతుంది" అని లోపలికి జరిపాడు. నేను బల్ల మధ్యలోనే పెట్టాను.

జూన్ 25, బుధవారం. అమావాస్య

ఇవాళ్టి కోపం ఇంకా దిగలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గడ్డి లెక్క అయింది. అయిదో చోట యాభై ఎనిమిది, ఆరో చోట అరవై ఒకటి, ఏడో చోట నలభై తొమ్మిది. ఎనిమిదో చోట కొత్తగా తిన్నటి కాలువ మొదలైంది. పదకొండో చోట మాత్రం సముద్రపు ఆవు మేసిన దారి తగిలింది. జానెడు వెడల్పు, వంకర టింకర, మొక్కని వేళ్లతో సహా శుభ్రంగా పెరుక్కుని తింటుంది. పక్క గడ్డి జోలికి పోదు. ఆ దారి మూడు నాలుగు నెలల్లో మళ్లీ పూడుకుంటుంది. పడవ పంకా కోసిన కాలువ అలా పూడదు.

తర్వాత రాతి అంచు మీద కూర్చుని పళ్లెం దించాను. నాలుగో ముడి దగ్గర మాయమైంది. "నాలుగు" అన్నాను.

తూనీగ తాడు నా చేతిలోంచి తీసుకుంది. ఒక్కో ముడీ వదులుతూ పోయింది.

"అయిదు. ఆరు. ఏడు."

"ఏం చేస్తున్నావే?"

"ఎనిమిది. తొమ్మిది. నానమ్మా, ఇంకా కనబడుతోంది. పది." మళ్లీ ఒక ముడి వదిలింది. "పదకొండు. ఇదిగో, ఇప్పుడు పోయింది."

సరంగు ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

"కంపెనీ వాళ్లు ఎన్ని చెప్పమన్నారే నిన్ను?" అన్నాను.

దాని మొహం ఎలా మారిందో నాకు సరిగ్గా కనబడలేదు. ఎండ కళ్లలో పడుతోంది. తాడు చుట్టి నా ఒళ్లో పెట్టింది.

లెక్కల పుస్తకంలో నాలుగు అని రాశాను.

జూన్ 26

పదకొండట.

జూన్ 27

సరంగు ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?

జూన్ 29, ఆదివారం

ఒక ప్రశ్న ఎదురైతే దాన్ని సగానికి కోసి, ఒక్కో సగాన్నీ విడిగా పరీక్షించాలి. నలభై ఏళ్లు ఇదే చెప్పాను పిల్లలకి. పళ్లేనికీ నాకూ మధ్య నీళ్లు ఉన్నాయి. నీళ్లు తీసేస్తే ఏం మిగులుతుంది?

మధ్యాహ్నం కోడలు పనికి వెళ్లాక పెరటి సిమెంటు గోడకి మేకు కొట్టి పళ్లెం తగిలించాను. గోడ దగ్గర నుంచి గేటు వైపు వెనక్కి నడిచాను. అడుగులు లెక్కపెట్టాను. పద్నాలుగో అడుగు దగ్గర పళ్లెం గోడలో కలిసిపోయింది.

కుడి కన్ను మూసుకున్నాను. పళ్లెం మసకగా తిరిగి వచ్చింది. అది తెరిచి ఎడమ కన్ను మూసుకున్నాను. గోడే లేదు. పాలు పోసినట్టు తెలుపు.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

పడవ పని ముగించి వచ్చిన తూనీగని పిలిచాను. నాలుగు రోజుల తర్వాత నేను దాన్ని పిలవడం ఇదే. గేటు బయట, రోడ్డు అవతల నిలబెట్టాను. నలభై రెండు అడుగులు.

"కనబడుతోందా?"

"కనబడుతోంది నానమ్మా."

"బాగా చూసి చెప్పు."

"అంచున పెచ్చు లేచిన మచ్చ ఉంది. అది కూడా కనబడుతోంది."

పెరట్లో బురద లేదు. పడవలు లేవు.

లోపలికి వచ్చి పద్నాలుగో పుస్తకం తీశాను. జూన్ 25 వరసలో, నాలుగు పక్కన, 'తూనీగ చూసింది: పదకొండు. అది సరి.' అని రాసి, కలం దానికిచ్చి సంతకం పెట్టమన్నాను. పెట్టింది. పెట్టాక నా భుజం మీద తల వాల్చింది. పుస్తకం మీద కన్నీళ్లు పడనివ్వొద్దని చెప్పాను, ఇంకు అలుక్కుంటుంది.

జూలై 1, మంగళవారం

కళ్ల డాక్టరమ్మ తూనీగ కన్నా నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. మాట మాత్రం తూకం వేసినట్టు మాట్లాడింది. నాకు నచ్చింది.

"రెండు కళ్లకీ శుక్లాలు. కుడిది బాగా ముదిరింది. ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారు అమ్మగారూ?"

"బల్బులు మార్చుకుంటూ."

మా అబ్బాయి గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. వెధవ.

వచ్చే వారమే ఆపరేషన్ చేస్తానంది. తర్వాత నెల రోజులు కంట్లో నీళ్లు పడకూడదు, సముద్రం మాటే ఎత్తకూడదు. కుదరదన్నాను. విచారణ అయ్యాకే. "కన్ను ముఖ్యమా, విచారణ ముఖ్యమా?" అంది. కన్ను ఎక్కడికీ పోదు, మడుగు పోతుందని చెప్పాను.

జూలై 3, గురువారం

ఎవరికీ తెలియదు.

ఇంట్లోవాళ్లకీ, సరంగుకీ, డాక్టరమ్మకీ తప్ప. కమిటీకి తెలియదు. మొదటి పేజీ బలంగా ఉందని అధికారే అన్నాడు. పడవలు గడ్డిని కోస్తున్న మాట నిజం. నీళ్లు మసకబారడం అబద్ధం. నిజాన్ని గెలిపించడానికి ఒక అబద్ధాన్ని మే నెలలో తెలియక ఇచ్చాను. జులైలో తెలిసి ఊరుకుంటే చాలు. నేను చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే.

నలభై ఏళ్లలో ఎంతమంది పిల్లల్ని నిలబెట్టి అడిగాను, జవాబు సరైందే, లెక్క ఎక్కడ చేశావో చూపించు అని.

జూలై 4

వంటింట్లో తూనీగ గిన్నెలు తుడుస్తూ చెప్పింది, నా వైపు తిరగకుండా.

"విచారణలో నన్ను మాట్లాడమన్నారు. కంపెనీ తరఫున. నీళ్లు తేటగా ఉన్నాయని చెప్తే చాలట."

"ఎప్పుడు అడిగారు?"

"నోటీసు పడ్డ వారానికే. అందుకే ఆ రోజు పళ్లెం నేను దించి చూశాను. అబద్ధం చెప్పమన్నారేమో తెలుసుకోవాలని. అబద్ధం కాదు నానమ్మా. అదే నా బాధ."

"చెప్తావా?"

"నిజమే కదా." గిన్నె బోర్లించి, "నువ్వేం చెప్తావు?" అంది.

నేను గరిటెలు వరసలో పెట్టాను. పెద్దది, చిన్నది, చిల్లులది.

"ఆ గిన్నె అడుగున మరక ఉంది చూడు, మళ్లీ తోము" అన్నాను. మరక ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? అదీ ఆ మాట అనలేదు. మళ్లీ తోమింది.

జూలై 10, గురువారం. పౌర్ణమి

తూనీగ సెలవు పెట్టి వచ్చింది. గడ్డి నేను లెక్కపెట్టాను, కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే. పిట్టల్ని, పీతల్ని, పళ్లేన్ని అది లెక్కపెట్టి పైకి చెప్పింది, నేను రాశాను. దూరాన ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా ఉన్నాయట. నాకు అక్కడ ఆకాశమే ఉంది. ఎన్ని అని అడిగాను. "చాలా" అంది. చాలా అనేది అంకె కాదన్నాను. నూట పన్నెండు.

పళ్లెం పదకొండు.

పదకొండో చోట వంగి ఉన్నప్పుడు శ్వాస వినబడింది. నీళ్ల మీద ముక్కు తెరిచి ఊపిరి వదిలిన చప్పుడు, పెద్దది. వెంటనే ఇంకొకటి, చిన్నది, తొందరపడుతూ.

"సముద్రపు ఆవు" అన్నాను. "పిల్ల కూడా ఉంది."

"ఎక్కడ నానమ్మా? నాకేం కనబడట్లేదు."

"చూడకు, విను. మళ్లీ వస్తుంది."

సరంగు తెడ్లు ఎత్తేశాడు. ముగ్గురం నడుము లోతు నీళ్లలో, పడవలో, ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. పెద్ద శ్వాస. చిన్న శ్వాస. అప్పుడు తూనీగ "అదిగో అదిగో" అంటూ నా చెయ్యి పట్టుకుని గుంజింది. బూడిద రంగు వీపు, పక్కన అంటిపెట్టుకుని బుల్లి వీపు, అని చెప్పింది. లెక్కల పుస్తకంలో ఎనిమిదేళ్ల తర్వాత పిల్లని రాయడం ఇదే.

ఎనిమిదో చోట కాలువ పెరిగింది. ఇప్పుడు తొమ్మిదిలోకి కూడా వచ్చింది. తొమ్మిది దాటితే పది, తర్వాత పదకొండు. పదకొండు ఆ తల్లీపిల్లా మేసే చోటు.

నిర్ణయం అయిపోయింది. ఎప్పుడైందో తెలియదు. నీళ్లలోంచి బయటికి వచ్చేసరికి అయిపోయి ఉంది.

జూలై 14, సోమవారం

విచారణ. వరసగా రాయాలి, ఒక్క మాట పోకుండా.

పార్కు ఆఫీసు మేడ మీద గది. కిర్రుమనే ఫ్యాను, గోడకి మ్యాపు, నలభై కుర్చీలు, అన్నీ నిండాయి. కంపెనీ మేనేజరు ముందు వరసలో, ఒళ్లో నల్ల పెట్టె. మీటరు దాంట్లోనే. అతని పక్కన తూనీగ, కంపెనీ నీలం చొక్కాలో.

అధికారి నన్ను మొదట పిలిచాడు. నేను కూర్చునే మాట్లాడొచ్చన్నాడు. నిలబడ్డాను.

"నా మొదటి పేజీ తప్పు" అన్నాను. "నీళ్లు తేటగానే ఉన్నాయి. మసక నా కళ్లలో ఉంది. డాక్టరు చీటీ ఇదిగో. ఈ పేజీలో ఉన్న పళ్లెం లెక్క అంతా కొట్టేస్తున్నాను. మీ ఎదురుగానే కొట్టేస్తాను, ఎర్ర ఇంకు తెచ్చుకున్నాను."

ఎవరో నవ్వారు. అధికారి మాత్రం కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. తన బలమైన పేజీ పోయింది పాపం. నేను తాపీగా గీతలు గీశాను. కలం చప్పుడు గదంతా వినబడింది.

మేనేజరు లేచాడు. పెట్టె తెరవాల్సిన అవసరమే లేకుండా పోయింది. "మేడంగారి నిజాయితీకి చాలా సంతోషం. ఆవిడే ఒప్పుకున్నారు కనుక, చూపు సరిగా లేని మనిషి రాసిన మిగతా నాలుగు పేజీలు కూడా మనం..."

"రెండో పేజీ మొదటి వాక్యం చదివారా?"

"అంటే, మొత్తం మీద..."

"'గడ్డి మొక్కలు కళ్లు మూసుకుని వేళ్లతో లెక్కపెట్టబడినవి.' ముప్ఫై ఒక్క ఏళ్లుగా అంతే. నా కళ్లు పోయినా ఆ లెక్కలో ఒక్క మొక్క కూడా మారదు. చదవకుండా పరీక్షకి వచ్చారు. కూర్చోండి."

అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ మాట. కూర్చున్నాడు. కూర్చున్నాక గుర్తొచ్చింది తను మేనేజరునని. మళ్లీ లేచి తూనీగ వైపు చెయ్యి చూపించాడు.

"మా గైడు రోజూ మడుగులోకి వెళ్తుంది. పైగా ఆవిడ మనవరాలు. చెప్పమ్మా, ఒక్క ముక్క చాలు. నీళ్లు తేటగా ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి సార్. చాలా తేటగా ఉన్నాయి."

"థాంక్యూ. అయితే..."

"ఎంత తేటగా అంటే సార్, మన పడవ అద్దంలోంచి అడుగున గీతలు కనబడతాయి. గడ్డి మధ్యలో తెల్లగా, తిన్నగా. రోజూ ఎవరో ఒకరు అడుగుతారు అవేంటని."

"అది ఇప్పుడు అప్రస్తుతం."

"అడిగితే ఏం చెప్పాలో మీరు కాగితం ఇచ్చారు కదా సార్. అయిదో పాయింటు." అని, పడవలో మాట్లాడే తియ్యటి గొంతు పెట్టి, రెండు చేతులూ చాపి అప్పజెప్పింది: "'కింద కనబడుతున్నవి సముద్రపు ఆవులు మేస్తూ వెళ్లిన దారులు, ఎంత అందంగా ఉన్నాయో చూడండి.'"

మేనేజరు దాని చెయ్యి దించబోయాడు.

"సముద్రపు ఆవు స్కేలు పెట్టుకుని మేయదు సార్" అంది తూనీగ, ఈసారి సొంత గొంతుతో. "అవి మన పంకా కోసిన గీతలు. నేను పద్నాలుగు నెలలు ఆ అబద్ధం చెప్పాను."

గీతల సంగతి నాకు ఇంతకుముందు తెలియదు. నేను వేళ్లతో తడిమిన కాలువల్ని అది అద్దంలోంచి రోజూ చూస్తూనే ఉంది. నీళ్లు నిజంగా మసకగా ఉండి ఉంటే ఆ గీతలు ఎవరికీ కనబడేవే కావు. నా మొదటి పేజీ నెగ్గితే అది కంపెనీకే దుప్పటి కప్పి ఉండేది.

అధికారి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఆ కాగితం ఉందా?"

"బ్యాగులో ఉంది సార్."

సరంగు వెనక వరస లోంచి అరిచాడు, "నా పడవలో ఇరవై మంది పడతారండీ! కమిటీ మొత్తం రావొచ్చు, దిగి చూడొచ్చు!" పన్నెండు మందే పడతారు. సరంగు లెక్కలు ఎప్పుడూ అంతే.

చివరికి చెప్పింది: జులై ఇరవై నాలుగు, అమావాస్య ఆటుకి, కమిటీ మడుగులోకి దిగి స్వయంగా తనిఖీ చేస్తుంది. అప్పటిదాకా కొత్త దారి లేదు, ప్రయోగాత్మకం రెండు పడవలూ బంద్. తర్వాత సంగతి తర్వాత.

గెలవలేదు. ఓడలేదు కూడా.

మెట్లు దిగుతుంటే తూనీగ నా మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోవద్దని ఇదివరకైతే విదిలించేదాన్ని.

"రేపట్నుంచి రావద్దన్నారు నానమ్మా."

"ఎవరు?"

"ఎవరేంటి, మేనేజరు."

"మంచిది. చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి ఇచ్చెయ్. గుండీలు సరిచూసి మరీ ఇవ్వు. మాట రాకూడదు."

మెట్ల మీదే కూలబడి నవ్వింది. నేనూ పక్కన కూర్చున్నాను. జనం మమ్మల్ని తప్పించుకుని దిగుతున్నా ఇద్దరం లేవలేదు.

జూలై 15, మంగళవారం

అబ్బాయి పొద్దున్నే వచ్చి, "అమ్మా, చేసిందేదో చేశావు. ఇక ఇంట్లో కూర్చో" అన్నాడు. కూర్చునే ఇది రాస్తున్నాను. జరగవలసినవి:

1. పద్నాలుగో పుస్తకంలో కూడా నీటి తేట గడి, పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి ఈ జూన్ దాకా, ఎర్ర ఇంకుతో కొట్టేయాలి. పక్కన కారణం రాయాలి: 'చూసినవారి దోషం.' సముద్రం మీద తోయకూడదు.

2. ఇరవై నాలుగున కమిటీ వాళ్లు బూట్లు విప్పాలి. అధికారితో సహా. పాదాలు ఎత్తకుండా నడవడం వాడికి నేర్పాను. మిగతావాళ్లకి వాడు నేర్పాలి.

3. మేనేజరు తప్పక రావాలి. చట్రం మొదట అతని చేతికే ఇవ్వాలి. అయిదో చోట, తర్వాత పదకొండో చోట. కళ్లు మూసుకోమనాలి. దొంగచాటుగా తెరుస్తాడు, తూనీగ కనిపెట్టుకుని ఉండాలి.

4. సరంగు పడవలో పన్నెండు మందే ఎక్కాలి. పదమూడో మనిషి ఈదుకుంటూ రావాలి.

5. ఆ రోజు పళ్లెం తూనీగ దించాలి. దాని అంకె, దాని రాత, దాని సంతకం.

6. తూనీగ ఇంకో పని వెతుక్కోవాలి. దొరికేదాకా పద్నాలుగు పుస్తకాలకీ శుభ్రమైన నకళ్లు రాయాలి. దాని రాతలో అక్షరాలు పడుకుంటాయి, నిలబెట్టాలి.

7. కుడి కన్ను ఆపరేషన్ జులై ఇరవై ఎనిమిదిన. ఒక్క రోజు కూడా ముందు కాదు. డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ నిట్టూర్చింది, క్యాలెండరులో రాసుకుంది.

8. అబ్బాయి ముందుగది బల్బు తీసి మామూలుది పెట్టాలి. కోడలికి కళ్లు మండుతున్నాయట, ఇన్నాళ్లూ చెప్పలేదు.

9. కమిటీ కాదంటే పై కమిటీకి రాయాలి. వాళ్లూ కాదంటే ఆ పైవాళ్లకి. నా పేజీలు నాలుగు మిగిలాయి. నాలుగు చాలు.

10. కంటి కట్టు విప్పి నెల గడిచాక మళ్లీ పళ్లెం నేనే దించాలి. పదకొండు కనబడితే పదకొండు రాయాలి. నాలుగే కనబడితే, రాసేముందు తూనీగని అడగాలి.